పురపాలక సంఘపు ఎన్నికలు: అభ్యర్థులును, పౌరులును
(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



మన వార్షిక మహాసభయందు విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు ప్రతివత్సరమును పెద్దలు ఉపన్యసించుచున్నారు. అవి యన్నియు అవశ్యములే. కాని మన గడప దాటినతోడనే మనము కాలుమోపు వీథిని, మన కుళాయికి వచ్చు నీటిని, మన పిల్లలు దాటిపోవు మురుగుకాలువను చూచువా రెవరు? పురపాలక సంఘమువారు. వారిని నియమించువార మెవరము? మనమే. పురపాలక ఎన్నికలు సమీపించినప్పుడు అభ్యర్థులు మన వాడలకు వచ్చుదురు; మన సంఘభవనమునకును వచ్చుదురు. వారిని మన మెట్లు స్వీకరింపవలయును, ఏమి అడుగవలయును, ఏమి అడుగరాదు అను విషయమును నేడు విన్నవించుటకు ఆహ్వానసంఘమువారు నాకు అవకాశ మొసగిరి. వారికి నా కృతజ్ఞతావందనములు.

పూర్వచరిత్ర

మన దక్షిణదేశమున పట్టణపాలన నిన్న మొన్నటిది కాదు. చెన్నపట్టణపు కార్పొరేషను 1688 లో ప్రారంభమయ్యెను. మన తెలుగుసీమలో భీమునిపట్టణమునకు 1861 లోనే మునిసిపాలిటీ ఏర్పడెను. బెజవాడకు 1888 లో ఏర్పడెను. 1882 లో రిప్పనుప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి ప్రకటించిన తీర్మానమువలన ఎన్నికైన సభ్యుల సంఖ్య పెరుగుటకు మార్గ మేర్పడెను. 1884 లోను, 1920 లోను చెన్నరాజధానిలో జిల్లా మునిసిపాలిటీల చట్టములు వచ్చెను. అయినను ఆ కాలమున ఓటు పన్ను చెల్లించువారిదే. కూలివానికిని, ఇంటి ఇల్లాలికిని అభ్యర్థి ముఖము చూచు అగత్యమే లేదు. నేడు పదునెనిమిదేండ్లు నిండిన ప్రతివారికిని ఓటు గలదు. 1989 వరకు ఈ వయఃపరిమితి ఇరువది యొక్కటిగా నుండెను.

ప్రజల యభిప్రాయము నడుగక పట్టణపాలన నెత్తిపై పెట్టినయెడల ఏమగునో చూపిన యూరు మన చీరాల. 1919 లో చీరాల పేరాల గ్రామములను జేర్చి మునిసిపాలిటీ చేసిరి. నాలుగువేల రూపాయలుగా నున్న పన్ను నలువదివేలకు పెరిగినదని చరిత్రకారులు వ్రాసిరి. అక్కడివారిలో బహుసంఖ్యాకులు చేనేతపని వారు. 1921 లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లు వాకిళ్లు విడిచి ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని సుమారు పదునొకండు మాసములు ఎండవానలకు ఓర్చిరి. వారిలో అన్ని కులములవారును గలరు. పన్నును గూర్చియు, దానికి బదులుగా వచ్చు సౌకర్యమును గూర్చియు అడుగుట పౌరుని హక్కని వారు తమ కష్టముతో మనకు నేర్పిపోయిరి. వారు పాకలలో నుండి అడిగిన ప్రశ్నను మనము కుర్చీలలో గూర్చుండియైన అడుగలేమా?

నేటి స్థితి

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. దానివలన పురపాలక సంఘములకు ఐదేండ్ల కాలపరిమితి, స్త్రీలకు మూడవవంతునకు తక్కువగాని స్థానములు, షెడ్యూల్డు కులములకును తెగలకును జనసంఖ్యానుసారముగ స్థానములు, ఎన్నికలు నడుపుటకు రాష్ట్ర ఎన్నికలసంఘము ఏర్పడెను. పండ్రెండవ షెడ్యూలున నీటిసరఫరా, పారిశుధ్యము, రోడ్లు, వీథిదీపములు, శ్మశానములు మొదలగు పదునెనిమిది విషయములు చెప్పబడినవి. మూడులక్షలును, అంతకు మించియు జనసంఖ్యగల పట్టణములలో వార్డుసంఘము లుండవలయునని విధింపబడెను.

శాసనము ఇట్లుండగా ఆచరణ మెట్లున్నది? విశాఖపట్టణ మహానగర సంస్థ పాలకవర్గపు గడువు 2012 లో ముగిసెను. మరల ఎన్నికలు జరిగినది 2021 మార్చి 10వ తేదీన. తొమ్మిదేండ్లు ఆ మహానగరము ఎన్నికైన సభ్యులు లేకయే నడచెను. ఇక ఎన్నిక జరిగినచోట మనము పోవుచున్నామా? 2020 డిసెంబరులో హైదరాబాదు మహానగర సంస్థకు జరిగిన ఎన్నికలలో నూటికి నలువదియారుగురు మాత్రమే ఓటు వేసిరి. తక్కిన సగముకంటె నెక్కుడుమంది ఇంట నుండిరి. నీరు రాలేదని నిందించుటకు మాత్రము అందరమును ముందుందుము!

అభ్యర్థులు మనయొద్దకు వచ్చు విధము

ఇపుడు మనలోని మాట మనమే చెప్పికొందము. ఎన్నికల దినములలో అభ్యర్థి మన సంఘభవనమునకు వచ్చును. పూలదండ వేయుదుము. ఆయన మన కులదైవమునకు నమస్కరించి, మన పూర్వులను పొగడి, భవనమునకు పై అంతస్తు కట్టింతునని వాగ్దానము చేయును. పెద్దలు నలుగురు లోపలి గదిలో మాటలాడుదురు. మరునాడు “మన ఓట్లన్నియు ఫలానివారికే” యను వార్త వీథిలో పుట్టును. వాడలోని స్త్రీలను ఎవ్వరు నడుగలేదు, యువకుల నడుగలేదు, మురుగుకాలువ మాట ఆ గదిలో రాలేదు.

దీనిని గూర్చి చట్టమేమనుచున్నదో పోషకమహాశయులు చిత్తగింపవలయును. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ విభాగము 3వ ఉపవిభాగమున, మత జాతి కుల సముదాయ భాషల పేర ఓటడుగుట అవినీతిచర్య యని చెప్పబడినది. 2017 జనవరి 2వ తేదీన సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, నలుగురి యభిప్రాయాధిక్యముచే, ఆ నిషేధము అభ్యర్థి కులమతములకే గాక ఓటరు కులమతములకును వర్తించునని తీర్పు చెప్పెను. ఆ చట్టము శాసనసభలకును పార్లమెంటునకును సంబంధించినది. అయినను దాని ధర్మము వార్డుకు వేరు, శాసనసభకు వేరు కానేరదు. మన సంఘము పేదవిద్యార్థికి అన్నము పెట్టుటకు పుట్టినది. దాని ముద్రను ఓట్లబేరమునకు వాడుట సంఘమునకు కీర్తి తెచ్చు పని గాదు.

“మనవాడు గెలువనియెడల మన పని యెవరు చేయుదురు?” అని కొందరు పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. అనేక సంవత్సరములు పాలనాసభలలో మనవారికి స్థానము లేకుండుటచేతనే యిట్టి యాశ పుట్టినది. మన యువకులు ఎన్నికలలో నిలువవలయును. మన స్త్రీలు నిలువవలయును. వారికి మనము తోడ్పడవలయును. కాని ఒక్క లెక్క చూడుడు. ఏ వార్డులోనైనను మన యిండ్లు కొన్నియే. మనము కులముచే లెక్కించిన యెడల పక్కవాడయు కులముచేతనే లెక్కించును. అప్పుడు సంఖ్య తక్కువైనవారు ఎల్లప్పుడు నోడుదురు. అనేక పట్టణములలో ఆ తక్కువవారము మనమే. పనిచేయు సమర్థతచే లెక్కించుట అలవడిననాడు మన బిడ్డకు ఇతరులును ఓటు వేయుదురు. కులపు లెక్క మనకు వాకిలి తెరచునని తలంచుచున్నాము గాని, తరచుగ అదే వాకిలి మూయుచున్నది.

విదేశములందలి పద్ధతి

అమెరికాదేశమున టెక్సస్ రాష్ట్రములోని గాల్వెస్టన్ నగరము 1900 సెప్టెంబరు 8వ తేదీన తుపానుచే నాశనమయ్యెను. ఆరువేలకు తక్కువగాకుండ జనులు మరణించిరి. పాతసభతో పునర్నిర్మాణము సాగదని తలంచి 1901 లో ఐదుగురు కమిషనర్ల పాలన నేర్పరచిరి. ఒకరు అధ్యక్షుడు, తక్కిన నలుగురిలో ఒకరికి ఆదాయవ్యయములు, ఒకరికి పోలీసు అగ్నిమాపక శాఖలు, ఒకరికి నీరు మురుగు, ఒకరికి వీథులు. నీరు రానిచో ఎవరి నడుగవలయునో పౌరునికి తెలియును. అది ఆ పద్ధతిలోని గుణము. దోషమును గలదు: ఖర్చు నిర్ణయించువారును, ఖర్చు చేయువారును ఒక్కరే యగుటచే తనిఖీ చేయువారు కరవైరి. గాల్వెస్టన్ నగరమే 1960 లో ఆ పద్ధతిని విడిచెను. నేటికిని ఫ్లారిడా మొదలగు రాష్ట్రములలో అనేక నగరముల సభలకు కమిషన్ అనియే పేరు.

మన దేశమున కమిషనరనగా ప్రభుత్వముచే నియమింపబడు అధికారి. 1888 నాటి బొంబాయి చట్టమునుండి ఈ యేర్పాటు వచ్చినది. కావున పేరు ఒక్కటియైనను అచ్చటి కమిషనరు ఓటు నడుగవచ్చును. ఇచ్చటి కమిషనరు అడుగడు. ఓటడుగు కార్పొరేటరు చేతిలో కార్యనిర్వాహకాధికారము లేదు. ఈ భేదము నెరుగక మనము అభ్యర్థిని అడుగరానివి యడుగుచున్నాము, ఆయన చేయలేనివి వాగ్దానము చేయుచున్నాడు.

అచ్చటినుండి మనము గ్రహింపదగినది వేరొకటి గలదు. 1920 లో స్థాపింపబడిన మహిళా ఓటర్ల సమాజమువారు అనేక నగరములలో ఎన్నికలకు ముందు అభ్యర్థుల నందరను ఒకే వేదికపైకి పిలుతురు. అందరికిని సమానకాలము, ప్రశ్నలు పౌరులవి, కాలము చూచుట కొకరు. ఆ సమాజము ఏ యభ్యర్థిని బలపరుపదు, వ్యతిరేకింపదు. ఆ దేశ పౌరత్వము పొందిన తెలుగువారును అచ్చటి ఎన్నికలలో ఓటు వేయుచున్నారు. వారు అక్కడ పాటించు మర్యాదను ఇక్కడ మనము పాటింపలేమా?

అడుగవలసిన ప్రశ్నలు

ఒకటి: నీరు. వేసవిలో మన వాడకు ఎన్ని దినముల కొకమారు, ఎంతసేపు నీరు వచ్చును? కొత్త గొట్టములకు గత బడ్జెటులో ఎంత కేటాయించిరి, ఎంత ఖర్చయ్యెను? అభ్యర్థి బడ్జెటును చదివెనా?

రెండు: మురుగు. రక్షణసాధనములు లేక మనుష్యులను మురుగుగుంతలలో దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. మన వార్డులో ఆ పని యంత్రముచే జరుగుచున్నదా, మనుష్యునిచేతనా? ఈ ప్రశ్న మన కులమువారి బాధ గాదని యూరకుండరాదు. మన వీథి పరిశుభ్రతకై ఒకరి ప్రాణము పోవుచుండగా మనము సభలు జరుపుకొనుట శోభింపదు.

మూడు: పన్ను. ఆంధ్రప్రదేశమున 2021 నుండి ఇంటిపన్ను అద్దెవిలువకు బదులు ఆస్తివిలువపై విధించు పద్ధతి వచ్చినది. చిన్న యింటివానికి భార మెంత? అభ్యర్థి పన్ను తగ్గింతునన్నయెడల, ఏ ఖర్చును తగ్గించునో కూడ చెప్పవలయును.

నాలుగు: వీథివ్యాపారులు. 2014 నాటి చట్టము ప్రకారము పట్టణ విక్రయసంఘములో నూటికి నలువదికి తక్కువగాక వీథివ్యాపారుల ప్రతినిధులుండవలయును. మన పట్టణమున ఆ సంఘము కూడుచున్నదా? తోపుడుబండిపై బ్రదుకు మనవారును గలరు గదా!

ఐదు: రాకపోకలు. ఎన్నికైన తరువాత ఏ దినమున, ఏ స్థలమున ప్రజలను కలిసికొనును? వార్డుసంఘమును కూర్చునా?

సభ జరుపు విధము

అభ్యర్థుల నందరను, ఏ కులమువారైనను, ఏ పక్షమువారైనను, స్వతంత్రులైనను, ఒకే యాహ్వానపత్రముతో పిలువవలయును. సభ మన భవనమున జరిగినను వాడలోని అన్ని కులములవారిని, మతములవారిని పిలువవలయును. కావలసిన యనుమతులు ముందుగా పొందవలయును. దండలు, విందులు, కానుకలు నిషిద్ధములు. ఒక్కొక్కరికి పది నిమిషములు. క్రమము చీట్లచే నిర్ణయింపవలయును. ప్రశ్నలు చీటిపై వ్రాసి యియ్యవలయును. వ్రాయనేరని వారికి విద్యార్థులు వ్రాసిపెట్టవలయును. సగము ప్రశ్నలు స్త్రీలవి కావలయును. నీటిబిందె మోయువారు వారే గనుక. అభ్యర్థి స్త్రీయైనచో ఆమెయే మాటలాడవలయును. భర్తగారు సభలో కూర్చుండి వినవచ్చును. చెప్పిన ప్రతి వాగ్దానమును పుస్తకమున వ్రాసి అభ్యర్థిచే చేవ్రాలు చేయింపవలయును. గెలిచినవారిని సంవత్సరాంతమున మరల పిలిచి ఆ పుస్తకమును చదివి వినిపింపవలయును. ఓటు ఎవరికి వేయవలయునో మాత్రము సంఘము చెప్పరాదు. అది ఒక్కొక్కరి మనస్సాక్షికి సంబంధించినది.

విన్నపము

కావున నేను మహాసభవారి పరిశీలనకు మూడు తీర్మానముల నుంచుచున్నాను. మన శాఖాసంఘము లేవియు తమ పేర ఓట్ల నిర్ణయము ప్రకటింపరాదు. ప్రతి శాఖయు ఎన్నికలకు ముందు అభ్యర్థుల బహిరంగసభ నొకదానిని పొరుగు సంఘములతో కలసి జరుపవలయును. వాగ్దాన పుస్తకమును శాఖాకార్యాలయమున అందరికిని చూచుటకు వీలుగ నుంచవలయును. వీనికి ధనము స్వల్పము. ధైర్యము మిక్కిలి కావలయును. ధన మిచ్చుటకు పోషకులు గలరు. ధైర్యము మన మందరమును చందా వేసికొనవలసినదే.

కుళాయి మన కులము నడుగదు. దోమ యంతకంటె నడుగదు. వీథి యందరిది. ఆ వీథిని బాగుచేయువారిని ఎన్నుకొనుటలో మనము పదుగురికి మార్గము చూపిన యెడల మన సంఘపు గౌరవము పట్టణమంతట వ్యాపించును.