ఇంటి కంప్యూటరున లినక్సు స్థాపన
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో పుస్తకములనుగూర్చి మాటలాడక కంప్యూటరునుగూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ సభకు తెనాలి, బాపట్ల, రేపల్లెలనుండి వచ్చిన మీలో అనేకుల యిండ్లలో ఒక పాత కంప్యూటరు గుడ్డ కప్పుకొని మూలను కూర్చుండియే యుండును. అది చెడిపోయినది కాదు. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోసు 10నకు సాధారణముగా నిచ్చు భద్రతా సవరణలను ముగించినది. విండోసు 11 కావలెనన్నచో టి.పి.ఎం. 2.0 అను భద్రతాభాగమును, ఆ సంస్థ అంగీకరించిన ప్రాసెసరును ఉండవలయును. అవి లేనంతమాత్రమున, చక్కగా పనిచేయు యంత్రమును పాతసామానుల బండిలో వేయవలసినదేనా? అక్కరలేదని మనవి చేయుటకే నేనిచట నిలిచితిని.

యంత్రమునకును మనకును నడుమ నుండి, తెరను, మీటలను, దస్త్రములను నడపు మూల కార్యక్రమమును ఆపరేటింగు సిస్టమందురు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్సు అను వ్యవస్థను నిర్మింప నారంభించిరి. దాని తీరున, ఎల్లరకును స్వేచ్ఛగా లభించు వ్యవస్థ యొకటి కావలెనని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను కేంద్రభాగమును వ్రాసెను. ఈ రెండును కలిసినదే నేడు మనము లినక్సనుచున్నది. దీనిని వాడుటకు, లోపల చూచి నేర్చుకొనుటకు, మార్చుటకు, పరులకు పంచుటకు అనుమతి కలదు. పొరుగువానికి ఒక ప్రతి యిచ్చుట నేరము కాదు. అనుమతిపత్రమే యిచ్చిన హక్కు.

ఈ భావము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ కెక్కించి, కాలువ వెంట పల్లెపల్లెకు చేర్చిరి. పాఠకుడు పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని కడకు పోవలయునని ఆ మహనీయుని తలంపు. పంచుకొనిన కొలది తరుగని ఈ సాధనమునకు అంతకంటె తగిన దృష్టాంతము లేదు.

ఇక స్థాపనావిధానమును క్రమముగా చెప్పెదను.

మొదటిది, ఫోటోలు, చదువు కాగితములు, లెక్కలు మున్నగువానినెల్ల వేరొక డిస్కులోనికి ఎత్తుకొనుడు. ఎత్తిన పిదప తెరచి చూడుడు. తక్కిన పనులలో పొరపాటు జరిగినచో మరల చేయవచ్చును; ఈ పనిలో జరిగినచో బిడ్డ మొదటి పుట్టినరోజు ఫోటో తిరిగి రాదు.

రెండవది, లినక్సులో తెగలు పెక్కు కలవు. 1993లో ఆరంభమైన డెబియన్ పెద్దది. దానిపై ఆధారపడియే సీడాక్ సంస్థవారు 2007లో భారతీయభాషలకై బాస్ అను వ్యవస్థను వెలువరించిరి. తెలుగునకై స్వేచ్ఛ అను సంస్థ కృషి చేసినది. క్రొత్తవారికి లినక్సు మింట్ సులువు. దానికి 2 జీబీల ర్యామ్, 20 జీబీల చోటు కనీసము. 4 జీబీల ర్యామున్న మేలు.

మూడవది, ఎంచుకొనినదానిని ఆ సంస్థవారి స్థానమునుండియే దింపుకొని, వారు ప్రకటించిన 64 అక్షరముల సరిచూపు సంఖ్యతో పోల్చి, 8 జీబీల పెన్‌డ్రైవుపై వ్రాయుడు. ఆ పెన్‌డ్రైవులోని పాత దస్త్రములు చెరిగిపోవునని మరువకుడు.

నాలుగవది, యంత్రమును ఆపి, మరల పెట్టునప్పుడు ఎఫ్ 12 మీటనో, ఆ తయారీదారు చెప్పిన మరియొక మీటనో నొక్కి పెన్‌డ్రైవును ఎన్నుకొనుడు. స్థాపింపకయే వ్యవస్థ తెరపై నడచును. వైఫై, శబ్దము, ప్రింటరు పనిచేయుచున్నవో లేవో అప్పుడే చూచుకొనుడు. నచ్చనిచో పెన్‌డ్రైవు తీసివేయుడు. పాతది పాతట్లే యుండును.

ఐదవది, నచ్చినచో స్థాపింపుడు. అప్పుడు యంత్రము, విండోసు ప్రక్కన ఉంచవలయునా, డిస్కునంతయు చెరిపివేయవలయునా అని యడుగును. ఈ ప్రశ్నను రెండుసారులు చదువుడు. కీబోర్డు మొదట ఆంగ్లమే ఎన్నుకొనుడు. వాడుకపేరు, పాస్‌వర్డు దానితోనే వ్రాయవలసి యుండును. తెలుగు ఇన్‌స్క్రిప్టును పిదప చేర్చుకొనవచ్చును. యూనీకోడు మొదటి కూర్పునందే, 1991లో, తెలుగునకు చోటు దొరకినందున లిపికి చిక్కు లేదు.

ముద్రణాలయములలో పనిచేయువారికి ఒక హెచ్చరిక. పేజ్‌మేకరుతోడను, ‘అనూ’ లిపులతోడను కూర్చిన పాత దస్త్రములు యూనీకోడులో నున్నవి కావు. లినక్సులో అవి తిన్నగా తెరచుకొనవు. మార్చు ఉపకరణములు కలవు గాని, మార్చిన పిదప అక్షరమక్షరము సరిచూచుకొనవలయును. కావున జీవనాధారమైన యంత్రమున విండోసును తీసివేయక, రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుకొనుడు. లినక్సు మేలని చెప్పుటకై ఒకరి కూటికి చేటు తేరాదు.

స్థాపనకు పట్టునది ఇంచుమించు ఒక గంట. కాని అంతటితో పని తీరదు. మరునాడు ప్రింటరు పలుకకపోయినచో ఎవరి నడుగవలయును? ఈ ప్రశ్నకు సమాధానము లేకనే పలువురు రెండవ వారమున విసిగి విడిచిపెట్టుదురు. పట్టణములలో తెలిసినవారు దొరకుదురు. పల్లెలో దొరకవలెనన్నచో గ్రంథాలయమే పూనుకొనవలయును. పుస్తకముల బీరువాలో నాలుగు పెన్‌డ్రైవులుంచి, పుస్తకమువలెనే సంతకము పెట్టించుకొని యిచ్చుడు. ఆదివారము సాయంకాలము ఒక బల్ల కేటాయించుడు. ఈ సంవత్సరము నేర్చిన యిద్దరు వచ్చే సంవత్సరము పదిమందికి నేర్పుదురు. ఇంట కంప్యూటరు ఉండియు వాడలేక, ప్రతి దరఖాస్తునకు పిల్లలు బస్సెక్కి పట్టణమునకు పోవు అవస్థ కొంతైన తగ్గును.

ఇరువదియైదేండ్లు పుస్తకమును అరువిచ్చిన చేతులకు ఇది బరువైన పని కాదు. పాత కంప్యూటరును అమ్మబోవువారు ఒక్క ఆదివారము ఆగి, దానినిచటికి తీసికొని రావలసినదిగా ప్రార్థించుచున్నాను.