మలేరియా: పసివారి రక్తంలో దేనిని వెతుకుతున్నాం?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో తెలీబంధా చెరువు ఉంది. ఆ గట్టు మీద షికారుకు వచ్చేవారికి మలేరియా పెద్ద భయమేమీ కాదు. కానీ అక్కడి నుండి దక్షిణంగా దాదాపు 300 కిలోమీటర్లు వెళితే బస్తర్ అడవులు. 2020 జనవరిలో అక్కడ ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉన్నా లేకున్నా రక్తపరీక్ష చేయడం మొదలుపెట్టారు. మలేరియా బయటపడినవారిలో సగానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు!

ఆ పరీక్షకు వాడింది ర్యాపిడ్ కిట్. వేలి కొసన ఒక్క చుక్క రక్తం, ఇరవై నిమిషాల సమయం చాలు. అయితే ఈ కిట్ పరాన్నజీవిని చూడదని గుర్తుంచుకోండి. ప్లాస్మోడియం ఫాల్సిపారం రక్తంలోకి వదిలే హెచ్.ఆర్.పి.-2 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. మందులతో పరాన్నజీవి నశించాక కూడా ఆ ప్రోటీన్ కొన్ని వారాలు మిగిలిపోవచ్చు. అప్పుడు నయమైన పిల్లవాడికీ గీత కనిపిస్తుంది.

దీనికి తలకిందులైన చిక్కు మరింత ప్రమాదకరం. కొన్ని ఫాల్సిపారం జీవుల్లో ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే ఉండదు. 2010లో పెరూ దేశంలో ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. మన దేశంలో 8 రాష్ట్రాల నమూనాలపై 2016లో వెలువడిన అధ్యయనంలో ఛత్తీస్‌గఢ్‌లోనూ ఇవి దొరికాయి. సంఖ్య తక్కువే. కానీ జ్వరంతో కాలిపోతున్న మూడేళ్ల పాపకు గీత రాలేదని ఇంటికి పంపితే?

అందుకే గాజు పలక మీది రక్తపూత ఇంకా పాతబడలేదు. 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో పరాన్నజీవిని చూసింది సూక్ష్మదర్శినితోనే కదా! మందపు పూతలో పరాన్నజీవి ఉందో లేదో వెతుకుతారు, పలుచని పూతలో అది ఏ జాతిదో తేలుస్తారు. అయితే చూసే కన్నుకు శిక్షణ ఉండాలి.

పి.సి.ఆర్. పరీక్ష పరాన్నజీవి డి.ఎన్.ఎ.లోని ఒక చిన్న భాగాన్ని కోట్ల ప్రతులుగా పెంచుతుంది. సాధారణంగా 18-ఎస్ జన్యువును ఎంచుకుంటారు. మైక్రోలీటరు రక్తంలో రెండు మూడు పరాన్నజీవులున్నా ఇది పసిగట్టగలదు. ర్యాపిడ్ కిట్‌కు సుమారు వంద కావాలి. వడపోత కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కను అడవి నుండి ప్రయోగశాలకు పంపినా సరిపోతుంది. లక్షణాలు లేనివారిని వెతకడానికి, జన్యువు లోపాన్ని కనిపెట్టడానికి ఇది గొప్ప సాధనం. కాని ఫలితానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఫాల్సిపారం పసివారికి అంత గడువు ఇవ్వదు.

కాబట్టి ఆసుపత్రిలో కిట్‌తో పాటు రక్తపూత తీస్తారు, రక్తహీనత తెలియడానికి హిమోగ్లోబిన్ కొలుస్తారు. మొదటి పూతలో ఏమీ కనిపించకపోయినా అనుమానం తీరకపోతే, 12 నుండి 24 గంటలలోగా మరోసారి రక్తం తీసి చూస్తారు.