రెండో వరస కుస్తీలు, శనివారం బాలసభలు

(స్వర్ణోత్సవాల రెండో రోజున పూర్వ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

  

నాది 1986 పదో తరగతి బ్యాచ్, బి సెక్షన్. ఇంజనీరుగా పని చేస్తున్నాను. మన కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఏదైనా పిల్లలకి పనికొచ్చేది మాట్లాడవయ్యా" అన్నారు. నేను విషయం చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "కుస్తీలా? టీవీలో వచ్చేవా?" అన్నారు. అవునండీ, అవే. అందులోనూ పెద్ద షోలు కాదు, ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండో వరస షోలు. ఓపిక పడితే చివరికి మన బడి దగ్గరికే వస్తాను.

మేం చదువుకునే రోజుల్లో కుస్తీ అంటే కోడి రామమూర్తి నాయుడుగారి కథలు, సినిమాల్లో దారాసింగ్. అంతే. 1991లో ఆసియాశాట్-1 ఉపగ్రహం నుంచి స్టార్ ఛానెళ్ళు మొదలయ్యాయి. కేబుల్ వాళ్ళు మేడల మీదుగా నల్ల తీగలు లాగారు. వాటితోపాటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కూడా మన ముందుగదుల్లోకి వచ్చింది. 1990ల బ్యాచ్‌ల వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ జేబుల్లో ట్రంప్ కార్డులుండేవి: ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ కొలత. వాటిని లాక్కుని బీరువాలో పెట్టిన మాస్టార్లు కూడా ఈ సభలోనే ఉన్నారు. ఇప్పుడైనా అడిగి చూడండి, ఇస్తారేమో.

నేను 1998లో వై2కె పనుల మీద అమెరికా వెళ్ళాను. ఒక అపార్ట్‌మెంటులో నలుగురం తెలుగువాళ్ళం. ఆ ఆగస్టులోనే 'సండే నైట్ హీట్' అనే షో మొదలైంది. సోమవారం వచ్చే 'రా' పెద్ద షో, హీట్ దాని చిన్న తమ్ముడు. మర్నాడు ఆఫీసు ఉందన్న దిగులుతో, ఆదివారం సాయంత్రం అన్నం కుక్కర్‌లో పడేసి అది చూసేవాళ్ళం. చిత్రమేమిటంటే, ఆనాటి 'రా'లో జరిగినవి పేపర్లో చదివినట్టు గుర్తున్నాయి. హీట్ మాత్రం ఇంట్లో జరిగినట్టు గుర్తుంది.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. అభిమానులతో మాట్లాడితే ఒక్కొక్కరికీ ఇలాంటి చిన్న షో ఒకటి ఉంటుంది. నాకంటే పెద్దవాళ్ళు 'ప్రైమ్ టైమ్ రెజ్లింగ్' అంటారు. 'సూపర్‌స్టార్స్', 'రెజ్లింగ్ ఛాలెంజ్' పేర్లు చెబుతారు. దక్షిణాది అమెరికన్లు టీబీఎస్‌లో శనివారం సాయంత్రం 6 గంటల 5 నిమిషాలకు వచ్చే కుస్తీని తలుచుకుంటారు. ఆ ఛానెల్ కార్యక్రమాలన్నీ గంట దాటిన అయిదు నిమిషాలకు మొదలయ్యేవి. అందుకే ఆ '5 నిమిషాలు' వాళ్ళకి పండగ గుర్తు. నా తర్వాతి వాళ్ళకి 2002లో వచ్చిన 'వెలాసిటీ' ఉంది. మన దేశంలో అయితే టెన్ స్పోర్ట్స్‌లో వచ్చిన 'ఆఫ్టర్‌బర్న్', 'బాటమ్ లైన్' వంటివి.

అసలు ఈ షోలు ఎందుకు పుట్టాయో చెబితే సరదాగా ఉంటుంది. 1980లలో ఆ కంపెనీకి ప్రధాన ఆదాయం ఊరూరా వేసే ప్రదర్శనల టికెట్లు. టీవీ షో ఆ టికెట్లు అమ్మిపెట్టే దండోరా. అందుకని ఒక ఊళ్ళో ఒక్క రాత్రే మూడు వారాల సరుకు చిత్రీకరించేవాళ్ళు. దాన్ని దేశమంతా స్థానిక స్టేషన్లకు పంపేవాళ్ళు. మధ్యలో కొంత ఖాళీ ఉంచి, ఆ ఊరికి రాబోయే ప్రదర్శన గురించి మల్లయోధులు మాట్లాడే ముక్కలు అతికించేవాళ్ళు. ఒక్కో ఊరికి ఒక్కో ముక్క. చూసేవాడికి మాత్రం, 'మా ఊరి పేరు చెప్పాడురా' అని సంబరం. మన ఊళ్ళో రిక్షాకి మైకు కట్టి సినిమా ప్రచారం చేసిన పద్ధతే ఇది, కాకపోతే ఉపగ్రహం ఎక్కింది.

ఆ షోలలో పేరున్నవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు తలపడితే టికెట్టు కొనేదెవరు? అందుకని పేరున్నవాడికి ఎదురుగా పేరులేనివాణ్ణి నిలబెట్టేవాళ్ళు. ఓడిపోవడమే అతని ఉద్యోగం. ఆ వృత్తిలో అతణ్ణి 'జాబర్' అంటారు. మన పిల్లల ట్రంప్ కార్డుల్లో అలాంటివాడి కార్డు నేనెప్పుడూ చూడలేదు.

"అదంతా ముందే రాసుకున్న ఆట కదా" అంటారు మీరు. నిజమే. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల ముందు ఆ కంపెనీయే ఇది పోటీ కాదు, వినోదమని చెప్పుకుంది, క్రీడా సంఘం అజమాయిషీ, పన్ను తప్పుతాయని. అయితే ఏం? తోలుబొమ్మలాటకి వెళ్ళినవాడికి రావణుడు చస్తాడని తెలియదా? తెలిసీ తెల్లవార్లూ కూర్చుంటాడు. గెలుపెవరిదో ముందే తెలిసిన చోట చూడాల్సింది పనితనం.

ఆ పనితనం ఎక్కువగా ఓడేవాడిదే. ఎత్తి పడేసేవాడు బలవంతుడిలా కనిపించాలంటే ఎత్తించుకునేవాడు సమయానికి కాస్త ఎగిరి సాయం చెయ్యాలి. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక్కి కొట్టుకోకుండా. వీపంతా ఒకేసారి నేలకి తగలాలి. బరువు ఒకే చోట పడితే విరుగుతుంది, విశాలంగా పరుచుకుంటే తట్టుకుంటుంది. ఇది మన తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో పీడనం పాఠమే. ఆ పాఠం సరిగ్గా చదివినవాడివల్లే అవతలివాడు వీరుడయ్యేవాడు.

నేర్చుకోవడానికి కూడా అదే చోటు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న మిక్ ఫోలీ 1986లో అలా ఓడిపోవడానికే వచ్చాడు. హార్డీ అన్నదమ్ముల్లో చిన్నవాడు జెఫ్ 1994లో రేజర్ రామోన్ చేతిలో తన్నులు తిన్నప్పుడు వయసు పదహారు. మన పదో తరగతి దాటిన పిల్లాడి ఈడు. బ్యారీ హోరోవిట్జ్ అని ఒకాయన. ఎవరూ మెచ్చుకోరు కాబట్టి తన వీపు తనే తట్టుకునేవాడు. ఏళ్ళ తరబడి ఓడి, 1995లో గెలిచాడు. ఆ గెలుపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇదంతా ఉత్త వయసు మీద మమకారమేనా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. కొంతవరకు అంతే. ఇరవై ఏడేళ్ళ వయసులో తిన్న పప్పుచారు ఇప్పుడు వండినా ఆ రుచి రాదు. కానీ వయసు తీసేసినా మిగిలేది ఒకటుంది. పెద్ద షో ప్రతి నిమిషం మనల్ని పట్టుకు కుదుపుతుంది: వచ్చేవారం ఏమవుతుందో చూడు, డబ్బు కట్టి చూడు అని. చిన్న షోకి ఆ తొందర లేదు. అక్కడ ఒక ఆట మొదలై, సాగి, ముగుస్తుంది. కొత్తవాడు తడబడినా ఫరవాలేదు, చూసేవాళ్ళు తక్కువ. వ్యాఖ్యాతలకి కూడా కబుర్లు చెప్పుకునే తీరిక.

ప్రైమ్ టైమ్‌లో గొరిల్లా మాన్సూన్, బాబీ హీనన్ అలాగే వారం వారం పోట్లాడుకునేవారు. ఒకాయన పెద్దమనిషి, ఒకాయన తుంటరి. బయట ప్రాణస్నేహితులు. 1999 అక్టోబరులో మాన్సూన్ చనిపోయినప్పుడు హీనన్ పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూలో ఉన్నాడు. అయినా ఆ కంపెనీ ప్రసారంలోనే మిత్రుడికి నివాళి చెప్పాడు. కుస్తీ నాటకమైనా స్నేహం నాటకం కాదని ఆ రోజు అందరికీ తెలిసింది.

అన్నీ బంగారమని చెప్పను. ఆ కుస్తీవాళ్ళు ఈనాటికీ ఆ కంపెనీకి ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. నడుం విరిగినవాళ్ళు, నొప్పి మాత్రలకి బానిసలైనవాళ్ళు, యాభై దాటకుండా పోయినవాళ్ళు ఎందరో. మనం ముచ్చటగా తలుచుకునే ప్రతి ఆదివారం వెనక ఎవడి వీపో ఉంది. ఆ సంగతి మరిచిపోయి మురిసిపోతే అది అభిమానం కాదు.

2023 సెప్టెంబరు 8న ఆ సంస్థ హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియానికి వచ్చింది. జాన్ సీనా రింగులోకి దిగాడు. మా అన్నయ్య కొడుకు టీవీ ముందు గంతులేశాడు. "బాబాయ్, ఇతను మొదట్నించీ ఇంత పెద్దవాడేనా?" అని అడిగాడు. కాదురా, 2002లో వెలాసిటీలో కూడా ఆడాడు, చూసేవాళ్ళు అంతంతమాత్రం అన్నాను. వాడికి అది వింతగా తోచింది. వాళ్ళ తరానికి మనిషి తయారై కనిపిస్తాడు, తయారయ్యే చోటు కనిపించదు.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తున్నాను.

మన బడిలో పెద్ద షో వార్షికోత్సవం. షామియానా, ముఖ్య అతిథి, బహుమతులు. దానికి ఎవరు ఎక్కేవారో మీకు తెలుసు: గొంతు బాగున్నవాళ్ళు, ఏ సెక్షన్ మొదటి బెంచీవాళ్ళు. మిగతావాళ్ళకి శనివారం ఆఖరి రెండు పీరియడ్ల బాలసభ ఉండేది. వేపచెట్టు కింద జంపఖానా. మా తెలుగు మాస్టారు హాజరు పట్టీ తీసి వరస ప్రకారం పిలిచేవారు. పద్యం సగంలో మరిచిపోతే, "మిగతా సగం వచ్చే నెల" అనేవారు తప్ప కసిరేవారు కారు. ఆ సభలో తప్ప ఎక్కడా నోరు విప్పని మా బి సెక్షన్ మిత్రులు ఈ రోజు పంచాయతీ సభల్లో, కోర్టుల్లో, తరగతి గదుల్లో మాట్లాడుతున్నారు. నేను వందమంది ముందు ఇలా నిలబడగలిగానంటే అది ఆ జంపఖానా పుణ్యమే.

బాలసభ ఇప్పుడు లేదు. ఆ రెండు పీరియడ్లు స్లిప్ టెస్టులకు పోయాయని విన్నాను. ఇదే సమయంలో మన సంఘం పదో తరగతి ప్రథమ ర్యాంకుకు ఏటా బంగారు పతకం పెట్టాలని అనుకుంటోంది. పెట్టండి. నా వాటా నేనిస్తాను. కానీ అది ర్యాంకు 1 కార్డు. పేకంతా ఒక్క కార్డుతో ఆడలేం.

నా మనవి ఇది. బాలసభ తిరిగి మొదలుపెడదాం. లెక్క వేశాను. బడిలో ఇప్పుడు 240 మంది పిల్లలు. శనివారానికి 8 మంది, ఏడాదికి 30 శనివారాలు. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఏడాదిలో ఒకసారి వంతు వస్తుంది. మైకు సెట్టు, జంపఖానా, వాటి మరమ్మతులు పదేళ్ళపాటు మా 1986 బ్యాచ్ చూసుకుంటుంది. మావాళ్ళతో మాట్లాడే చెబుతున్నాను.

మూడే షరతులు. బహుమతులు వద్దు. ముఖ్య అతిథి వద్దు. ఫోన్లో వీడియోలు తీయవద్దు. తడబడే హక్కు పిల్లలకి ఉండాలి, అది ఎవరి ఫోన్లోనూ మిగలకూడదు.

ప్రధానోపాధ్యాయులవారూ, రెండు పీరియడ్లు అడుగుతున్నాను. మార్కులు తగ్గుతాయని మీ భయం నాకు తెలుసు, మీ మీద ఒత్తిడీ తెలుసు. ఒక్క ఏడాది చేసి చూడండి. తగ్గాయని మీకనిపిస్తే, ఆ మాట మా సంఘం సమావేశంలో చెప్పండి, ఆపేద్దాం. ఈలోగా హాజరు పట్టీలో 1 నంబరు పిల్ల నుంచి మొదలుపెట్టించండి. వచ్చే శనివారం నేను ఈ ఊళ్ళోనే ఉంటాను. జంపఖానా పరచడానికి వస్తాను.