మన పెద్దల బొమ్మలు మనమే చేసుకోవాలి

(దళితవాడ యువజన శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఫొటోల పని గురించి చెప్పమన్నారు. ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతా. మీలో ఎంతమంది ఇళ్లల్లో తాత ఫొటో ఉంది? నాయనమ్మ ఫొటో ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. చూశారుగా, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే ఊళ్లో కామందుల లోగిళ్లకు పోండి. నాలుగు తరాలోళ్లు గోడల మీద వరసగా కనపడతారు. ఆ గోడలు కట్టిన కూలీలు, ఆ పొలాలు దున్నిన పాలేర్లు ఏ గోడ మీదా లేరు.

మనల్ని అసలు ఫొటోలే తీయలేదా? తీశారు. 1868 నుంచి 1875 దాకా తెల్లదొరలు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు అచ్చేశారు. అందులో చాలా బొమ్మల కింద మనిషి పేరు లేదు, కులం పేరే ఉంది. 1878లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన ఇంకో పని చేశాడు. ఖైదీల మొహాలను ఒకే ప్లేటు మీద ఒకదానిపై ఒకటి పడేట్టు తీసి, నేరస్తుడి మొహం ఎట్లా ఉంటుందో చూపిస్తానన్నాడు. పుట్టుకనుబట్టి మనిషికి విలువ కట్టే 'యూజెనిక్స్'కు ఆ పేరు పెట్టింది కూడా ఈయనే. ఇది మనువు మాట కాక మరేంటి?

ఇప్పుడు బాబాసాహెబ్ కుటుంబం ఫొటో ఒకటి గుర్తు చేసుకోండి. 1934లో బొంబాయి రాజగృహంలో తీసింది. రమాబాయి ఉంది, కొడుకు యశ్వంత్ ఉన్నాడు, వదిన లక్ష్మీబాయి ఉంది, ముకుంద్ ఉన్నాడు, పెంపుడు కుక్క కూడా ఉంది. 1935 మే 27న రమాబాయి కన్నుమూసింది. ఆ ఫొటో తీయించుకోబట్టే ఆ తల్లిని ఇంటివాళ్ల మధ్య ఈనాటికీ చూస్తున్నాం.

మరి పోయినోళ్ల ఫొటో ఎట్లా? ఒకదాని మీద ఒకటి బొమ్మలు వెయ్యడం గాల్టన్ చేతిలో మనిషి పేరు చెరిపే పని అయ్యింది. మనం అదే పనితో పేర్లు తిరిగి తెచ్చుకుందాం. 1994లో ఫొటోషాప్‌లో 'లేయర్లు' వచ్చాయి. లేయరంటే పొర. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. డబ్బు పెట్టక్కర్లేని 'గింప్'లోనూ ఈ పని జరుగుద్ది, సెల్‌ఫోన్లోనూ జరుగుద్ది.

మా నాయనమ్మకున్నది ఒక్కటే ఫొటో. రేషను కార్డు మూల, బొటనవేలి గోరంత. దాన్ని నీడపట్టున, ఫ్లాష్ లేకుండా, ఫోన్ను కార్డుకు సమంగా పట్టుకొని తీశా. అసలు కాపీని పక్కన దాచిపెట్టా. తర్వాత మా అమ్మను, మా బిడ్డను గుమ్మం ముందు నిలబెట్టి, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి తీశా. కార్డులో ఆమె మొహం మీద వెలుతురు ఎడమనుంచి పడింది. అందుకని వీళ్లను కూడా వెలుతురు ఎడమనుంచి పడేట్టే నిలబెట్టా. లేకపోతే బొమ్మ అతకదు.

అడుగున గుమ్మం పొర, దాని మీద నాయనమ్మ పొర. పొర ఎంత కనపడాలో చెప్పేది 'ఒపాసిటీ'. 100 పెడితే నిండుగా ఉంటది, 0 పెడితే మాయమవుద్ది. నేను 60 పెట్టా. ఆమె ఉన్నట్టూ ఉంది, వెనకాల మా గోడా కనపడుతుంది. మొహం చుట్టూ అక్కర్లేనిదాన్ని రబ్బరుతో తుడవొద్దు, 'మాస్క్' వాడండి. దాంట్లో నలుపు పూస్తే బొమ్మ దాగుద్ది, తెలుపు పూస్తే బయటికొస్తది. ఇక్కడ కూడా తెలుపుదే పెత్తనమా అని నవ్వకండి. దాగిందేదీ పోలేదు, లోపలే ఉంది.

తాతకు ఆ గోరంత ఫొటో కూడా లేదు. కామందుకు రాసిచ్చిన ప్రోనోటు మీద ఆయన వేలిముద్ర దొరికింది. దాన్ని పైపొరగా వేసి 'మల్టిప్లై' పెట్టా. కాగితం తెలుపు పోయి, సిరా గీతలు మా గోడ మీద నిలిచాయి. అప్పు కింద పడిన ముద్ర ఇప్పుడు మా ఇంటి బొమ్మలో ఉంది. మా అమ్మ దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఊరుకుంది. మీకు వేలిముద్ర దొరక్కపోతే తాత డప్పు పెట్టండి, ఆరె పెట్టండి, అవ్వ కొడవలి పెట్టండి. ఒక్క జాగ్రత్త: బతికున్నోళ్ల వేలిముద్రలు మాత్రం ఫొటో తీయొద్దు. వాటితో బ్యాంకు ఖాతాలు దోచేవాళ్లున్నారు.

ఇంకో మూడు మాటలు. ఒకటి, మొహాలు తెల్లబరిచే ఫిల్టర్లు ముట్టొద్దు. ఎండలో నాటేసిన నలుపు అది, దాన్ని కడిగేస్తే మన అవ్వ కాదు, ఇంకెవరో. పట్టుచీరె, నగలు తగిలించొద్దు. రెండు, పాత ఫొటోను తేటగా చేస్తామనే కృత్రిమ మేధ యాప్‌లు కనపడని కళ్లను, పళ్లను సొంతంగా కల్పిస్తాయి. మసక ఉంటే మసకగానే ఉంచండి. మూడు, దాడుల కేసుల్లో సాక్ష్యంగా పెట్టే ఫొటో మీద ఒక్క పొర కూడా వెయ్యొద్దు. అసలుది తీసింది తీసినట్టే దాచండి. ఒక్కటి మార్చినా అవతలి లాయరు అన్నీ కల్పితమే అంటాడు. అట్లాగే ఇంటి బొమ్మ కింద కూడా 'ఇది కూర్చిన బొమ్మ' అని రాసుకోండి. దాంట్లో సిగ్గేం లేదు.

బొమ్మ వెనకాల పేర్లు రాయండి, చేసిన పని రాయండి, పుట్టిన ఊరు రాయండి. ముసలోళ్లు బతికుండగానే అడిగి రాసుకోండి, వాళ్లతో పాటే ఆ పేర్లూ పోతాయి. వచ్చే ఏప్రిల్ 14 నాటికి మన వాడలో ఇంటికొక బొమ్మ తయారు కావాలి. యువకులు ఫోన్లు తీసుకొని ఇల్లిల్లూ తిరగండి. బాబాసాహెబ్ పటం పక్కనే మన అవ్వల, తాతల పటాలు ఎక్కించుకుందాం.

జై భీమ్!