ఒక 4కె కెమెరా, ఒక ముద్ర రుణం

(మన స్టాఫ్ శిక్షణ కేంద్రంలో కొత్త రుణ అధికారుల బ్యాచ్‌కు ఒక సీనియర్ మేనేజరు ఇచ్చిన ప్రసంగ పాఠం)



చిన్న పరిశ్రమల రుణాల మీద మాట్లాడమని ఫ్యాకల్టీ వారు అడిగారు. నిబంధనలు మీకు ఇప్పటికే చెప్పేశారు, మళ్ళీ నేను చదివితే మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన మీకు నిద్ర తప్ప వేరే లాభం ఉండదు. అందుకని ఒకే ఒక్క రుణం గురించి చెబుతాను. అది నేను మంజూరు చేసిన రుణమే. అందులో జరిగిన పొరపాటు కూడా నాదే.

2017 జనవరి. నోట్ల రద్దు రద్దీ ఇంకా పూర్తిగా తగ్గలేదు. గోదావరి జిల్లాలో ఒక మండల కేంద్రం బ్రాంచికి నేను మేనేజర్ని. ఒక ఫోటో స్టూడియో యజమాని వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి, పదేళ్ళుగా పెళ్ళిళ్ళ వీడియోలు తీస్తున్నాడు. పేరు చెప్పను. "సార్, పెళ్ళివారు 4కె ఉందా అని అడుగుతున్నారు. లేదంటే పక్క ఊరి వాళ్ళని పిలుచుకుంటున్నారు" అన్నాడు. కెమెరా, రెండు లెన్సులు, చేత్తో పట్టుకు తిరిగినా బొమ్మ అదరకుండా ఉంచే గింబల్, అన్నీ కలిపి 2,60,000 రూపాయల కొటేషను చేతిలో ఉంది.

4కె అంటే ఏమిటో అప్పుడు నాకు సరిగ్గా తెలియదు. టీవీ షాపు బోర్డుల మీద చూడటమే. తర్వాత తెలుసుకున్నది క్లుప్తంగా చెబుతాను. మామూలు ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. 4కె అని అమ్మే అల్ట్రా హెచ్‌డీలో అవి 3840, 2160. అంటే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఫ్రేముకు దాదాపు 83 లక్షల చుక్కలు.

ఒకప్పుడు ఇంత స్పష్టత సినిమా వాళ్ళ సొత్తు. 2007లో రెడ్ వన్ అనే కెమెరా వచ్చినప్పుడు ఒట్టి బాడీ ధర 17,500 డాలర్లు, ఆ రంగంలో అదే చవక అనుకున్నారు. మరుసటి ఏడాది క్యానన్ 5డి మార్క్ 2 వచ్చింది. అది స్టిల్ కెమెరా, 4కె కాదు, కానీ ఫుల్ హెచ్‌డీ వీడియో తీస్తుంది. రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా' సినిమాను అలాంటి 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో తీశారు, గుర్తుందా? 2011లో. 2013కల్లా శాంసంగ్ నోట్ 3 ఫోనులోనే 4కె వచ్చింది. 2014లో ప్యానాసోనిక్ జీహెచ్4 వచ్చాక స్టూడియోవాడు మోయగలిగిన ధరలో, అరచేతిలో పట్టే కెమెరాలో 4కె దొరికింది. నాలుగేళ్ళ తర్వాత బ్లాక్‌మ్యాజిక్ వాళ్ళు సినిమా పనికి వచ్చే 4కె పాకెట్ కెమెరాను 1,295 డాలర్లకే ప్రకటించారు. పదకొండేళ్ళలో ధర ఎలా దిగిందో చూడండి. పరికరం మీద హైపోథికేషన్ రాయించుకునే మనం ఈ వరుసను ఇంకో కోణంలోంచి కూడా చూడాలి. ఇవాళ లక్షన్నర పెట్టి కొన్న కెమెరా మూడేళ్ళ వాయిదాలు తీరేసరికి ఎంత పలుకుతుంది? ట్రాక్టరు లెక్క దీనికి పనికిరాదు.

సరే, అతని దరఖాస్తు దగ్గరికి వస్తాను. ముద్ర కింద కిశోర్ విభాగం, 50 వేల నుంచి 5 లక్షల లోపు. పూచీకత్తు అక్కర్లేదు. అతని వాటా పోను 2,20,000 మంజూరు చేశాను. 36 వాయిదాలు, నెలకు 7,200 చిల్లర. ఏడాదికి ఎన్ని పెళ్ళిళ్ళు, ఒక్కోదానికి ఎంత అని అడిగాను. వచ్చిన మొత్తాన్ని పన్నెండుతో భాగించాను. నెలకు వాయిదా పోను ఇంటికి సరిపడా మిగులుతోంది. సంతకం పెట్టేశాను.

ఆ పన్నెండుతో భాగించడం దగ్గరే నా మొదటి తప్పు. పెళ్ళిళ్ళు నెలకు ఇన్ని అని రావు. మాఘ, ఫాల్గుణాల్లో రాత్రింబవళ్ళు పని. వైశాఖ, జ్యేష్ఠాల్లో మళ్ళీ అంతే. ఆషాఢం శూన్యమాసం. శ్రావణంలో కొన్ని. భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. మధ్యలో మూఢం వస్తే కళ్యాణ మండపాలకు తాళమే. ఈ సంగతి మా ఇంట్లో పిల్ల పెళ్ళికి పంచాంగం తిరగేసిన నాకు తెలియదా? తెలుసు. వరి రైతుకు కోతల తర్వాత గడువు పెట్టే మనమే, ముహూర్తాల మీద బతికే వాడికి ప్రతి నెలా ఐదో తారీఖు రాశాం.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఆ చలికాలంలోనే మా బ్రాంచికి ఒక ఆదేశం వచ్చింది. నవంబరు 8 నుంచి డిసెంబరు 30 దాకా సీసీటీవీ రికార్డింగులు చెరపకుండా భద్రపరచాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మా డీవీఆర్ నెల తిరిగేసరికి పాత దాని మీద కొత్తది రాసేసుకునే రకం. హడావుడిగా హార్డ్ డిస్కులు కొన్నాం. కెమెరా కంటే అది చూసినదాన్ని దాచడానికే ఎక్కువ ఖర్చని ఆ రోజు అకౌంటెంటుతో నేనే అన్నాను. ఆ మాట అన్న నెలలోపే ఈ దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. కొటేషనులో హార్డ్ డిస్కు లేదు, కంప్యూటరు లేదు. ఎందుకు లేదని అడగలేదు.

ఆగస్టు చివర్లో అతని ఖాతా ఎస్‌ఎంఏ-2 జాబితాలో ఉంది. జూన్, జూలై, ఆగస్టు మూడు వాయిదాలూ రాలేదు. ఇంకొన్ని రోజులైతే ఎన్‌పీఏ. రికవరీకని సాయంత్రం వాళ్ళ స్టూడియోకి వెళ్ళాను. ముందు గది చీకటిగా ఉంది. వెనక గదిలో పాత కంప్యూటరు పక్క పలక ఊడదీసి, దానికి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. తెరమీద ఒక గీత కదిలీ కదలకుండా ఉంది. "నిన్న పొద్దున పెట్టాను సార్, ఇంకా రెండర్ అవుతోంది" అన్నాడు.

అప్పుడు కూర్చుని లెక్క అడిగాను. అతని కెమెరా 4కెలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తుంది. అంటే గంటకు 45 జీబీ. పెళ్ళికొడుకుని చేయడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా పది గంటల ఫుటేజీ అయితే 450 జీబీ. పది పెళ్ళిళ్ళకు నాలుగున్నర టెరాబైట్లు. ఒక డిస్కు పోతే ఒకరి పెళ్ళే పోయినట్టు గనుక రెండో కాపీ తప్పదు. ఆ బరువు పాత కంప్యూటరు మోయలేదు. ఎడిటింగ్ ఆగింది. ఈ వ్యాపారంలో సొమ్ము ఎలా వస్తుందంటే, బుకింగుకు కొంత, పెళ్ళిరోజు కొంత, మిగతాది ఆల్బమూ వీడియో చేతికిచ్చాక. తొమ్మిది కుటుంబాల దగ్గర మిగతాది ఆగిపోయింది. ఒక పెళ్ళికూతురి తండ్రి అయితే గుమ్మంలోకి వచ్చి నానా మాటలూ అని వెళ్ళాడట. పని దొరక్క కాదు ఆ ఖాతా చెడింది. పని చేశాక డబ్బు చేతికి రాక చెడింది. నేను ఒక వస్తువుకు అప్పిచ్చాను, వ్యాపారానికి ఇవ్వలేదు.

కెమెరా కొనడం తప్పా అని అడిగాను. కాదన్నాడు, కాదని నాకు చూపించాడు కూడా. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్ళీ తీద్దామంటే కుదరదు కదా. ఇదివరకు మండపం మొత్తానికి ఒక కెమెరా, మొహాలకు ఇంకో కెమెరా, దానికి రోజు కూలికి ఒక కుర్రాడు. ఇప్పుడు స్టాండు మీద ఒకటే పెట్టి వెడల్పుగా తీస్తాడు. ఇచ్చేది ఫుల్ హెచ్‌డీయే గనుక, ఆ 4కె బొమ్మలో నాలుగో వంతు కత్తిరించినా అమ్మాయి మొహం పూర్తి స్పష్టతతో వస్తుంది. అడ్డుతెర దించిన క్షణంలో ఆ పిల్ల కళ్ళెత్తి చూసిన చూపు నేనూ చూశాను. మండపంలో ఉన్నవాళ్ళెవరికీ అది కనపడి ఉండదు. ఆ కూలి కుర్రాడు ఏమయ్యాడని అడిగితే, సెల్‌ఫోన్ల షాపులో చేరాడన్నాడు. అన్నట్టు, ఇంత చేసి ఇచ్చాక పెళ్ళివారు చూసేది వాట్సాప్‌లో కుదించి పంపిన ముక్కనే అని చెప్పి అతనే నవ్వాడు.

కంప్యూటరుకు అదనంగా ఇద్దామంటే, వాయిదాలు తప్పిన ఖాతాకు కొత్త రుణం నా అధికార పరిధిలో లేదు. పై ఆఫీసుకు రాస్తే ముందు ఖాతా సరిచేయించమన్నారు. వాళ్ళ మాటా న్యాయమే. మూడో రోజు అతని భార్య మా కౌంటరుకే వచ్చి మూడు కాసుల గొలుసు తాకట్టు పెట్టింది. 45,000 బంగారు రుణం. అందులో పాత వాయిదాలు కట్టారు, మిగిలిన దాంతో రెండు డిస్కులు, కంప్యూటరుకు ర్యామ్ కొన్నారు. వోచరు మీద ఆవిడ సంతకం తీసుకుంది నేనే. నా అప్రయిజల్‌లో ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగి ఉంటే ఆవిడ ఆ గొలుసు తీయాల్సిన పని ఉండేది కాదు. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. "డబ్బాకి తాళం గట్టిగా ఉందా అండీ" అని మాత్రం అడిగింది.

ముందు చిన్న ఫైళ్ళతో ఎడిటింగ్ చేసి, చివర అసలు ఫైళ్ళు తగిలించే పద్ధతి అతను ఎవరి దగ్గరో నేర్చుకున్నాడు. దసరాకల్లా తొమ్మిదిలో ఆరు పెళ్ళిళ్ళు అప్పజెప్పాడు. మరుసటి ఏడాది కంప్యూటరుకు విడిగా రుణం ఇచ్చాం. ఈసారి మాఘం, వైశాఖం సీజన్ల తర్వాత ఎక్కువ, ఆషాఢ భాద్రపదాల్లో వడ్డీ మాత్రమే పడేలా గడువులు వేయించాను. సిస్టములో అలా వేయడానికి రెండు రోజులు కుస్తీ పట్టాం, అది వేరే కథ.

మీ బ్రాంచి కెమెరాల గురించి కూడా ఒక్క మాట. లాకర్ల గది రాకపోకల రికార్డింగు కనీసం 180 రోజులు ఉంచాలని 2022 నుంచి నిబంధన. ఎవరైనా 4కె సీసీటీవీ చవకగా వస్తోందని మీ దగ్గరికి వస్తే లెక్క వేయండి. సెకనుకు 8 మెగాబిట్లు అనుకున్నా ఒక్క కెమెరాకు రోజుకు 86 జీబీ, 180 రోజులకు పదిహేనున్నర టెరాబైట్లు. కొటేషనులో డిస్కులు ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి.

గొలుసు విడిపించిన రోజు నేను ఆ బ్రాంచిలో లేను, బదిలీ అయిపోయింది. అకౌంటెంటు ఫోను చేసి చెప్పాడు. ఆవిడ కౌంటరు దగ్గరే మెడలో వేసుకుని వెళ్ళిందట.

ఇక మీ ప్రశ్నలు అడగండి.