కొత్త ఇంజను, పాత గేజి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చారు. విషయం ఇచ్చినది మాత్రం కోశాధికారిగారు. మూడు నెలల క్రిందట సంఘ కార్యాలయంలోని పాత కంప్యూటరులో లినక్సు ఎక్కించాము. అప్పుడు కార్యవర్గ సమావేశంలో వారొక ప్రశ్న వేశారు. "ఊరికే వస్తుందంటున్నారు, సరే. ఎవరో కాలేజీ కుర్రవాడు చేశాడట. పోనీ వాడైనా కొత్తగా ఆలోచించాడా అంటే 1969 నాటి యూనిక్సు నమూనానే పట్టుకున్నాడట. మన సభ్యుల పింఛను వివరాలు అలాంటి దాంట్లో పెట్టవచ్చునా?" అంతలో టీ వచ్చింది, జవాబు దాటిపోయింది. ఆ బాకీ ఈ రోజు తీర్చుకుంటాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో మన పోర్టువారికి సులువుగా చెప్పవచ్చును. ఓడలు బయట లంగరు వేసుకుని నిరీక్షిస్తుంటాయి. ఏ ఓడకు ఏ బెర్తు, ఏ క్రేను, సరుకు ఏ షెడ్డులోకి వెళ్ళాలి అన్నవి ట్రాఫిక్ డిపార్టుమెంటు చూస్తుంది. కంప్యూటరులో ఆ పని చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాము, లెక్కలు వేసే ప్రోగ్రాము, ఇవన్నీ ఓడలు. ఓడలు పోర్టు నియమాలకు లోబడి తయారై ఉంటాయి. మీరు ఎంత గొప్ప పోర్టు కట్టినా, నియమాలన్నీ కొత్తవైతే రావడానికి ఒక్క ఓడ కూడా ఉండదు.

ఆ కుర్రవాడి పేరు లైనస్ టోర్వాల్డ్స్. ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయం విద్యార్థి. 1991 జనవరిలో, ఇరవై ఒకటో ఏట, వాయిదాల మీద ఒక 386 కంప్యూటరు కొనుక్కున్నాడు. యూనివర్సిటీలో యూనిక్సుకు అలవాటుపడ్డాడు. ఇంట్లోనూ అదే కావాలనుకున్నాడు, కాని దాని ధర విద్యార్థి భరించేది కాదు.

యూనిక్సును బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు తయారుచేశారు. 1973లో దానిని సి భాషలో తిరిగి వ్రాశారు. అందువలన ఒక కంపెనీ యంత్రానికే కట్టుబడకుండా వేరే యంత్రాలకు మార్చడం వీలైంది. మాతృసంస్థ ఎ.టి. అండ్ టి. 1956 నాటి కోర్టు ఒడంబడిక ప్రకారం కంప్యూటరు వ్యాపారం చేయకూడదు. కనుక యూనివర్సిటీలకు స్వల్ప రుసుముకు, ప్రోగ్రాము మూలప్రతితో సహా ఇచ్చింది. ఒక తరం పిల్లలు దానిమీద చదువుకున్నారు. 1979లో ఏడవ కూర్పు వచ్చేసరికి మూలప్రతిని తరగతిలో బోధించరాదని షరతు పెట్టారు. అప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ప్రొఫెసరు ఆండ్రూ టానెన్‌బామ్ తన విద్యార్థుల కోసం మినిక్సు అనే చిన్న వ్యవస్థను స్వయంగా వ్రాసి, 1987లో పాఠ్యపుస్తకంతో వెలువరించారు. లైనస్ ఆ పుస్తకం చదివినవాడే.

ఇంకొకాయనను మరువరాదు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లోనే, అందరూ స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోగల వ్యవస్థ నిర్మిస్తానని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టారు. ఆయనా యూనిక్సు నమూనానే ఎన్నుకున్నారు. అది ఆదర్శమని కాదు. అలవాటైనవారు తేలికగా మారతారని, ముక్కలు ముక్కలుగా చేసుకుపోవచ్చునని. 1991 నాటికి ముక్కలు చాలావరకు తయారయ్యాయి. వాటన్నిటినీ నడిపే నడిమి భాగం, కెర్నెల్, మాత్రం సిద్ధం కాలేదు.

ఇక్కడ మన నౌపడ స్టేషను గుర్తుచేస్తాను. పర్లాకిమిడి మహారాజావారు వేయించిన చిన్న లైను గేజి రెండడుగుల ఆరంగుళాలు. మెయిన్ లైనుది ఐదడుగుల ఆరంగుళాలు. ఆ వైపునుంచి వచ్చిన ప్రతి బస్తా నౌపడలో దించి మళ్ళీ ఎక్కించవలసిందే. చిన్న బండిలో లోపమేమీ లేదు, పట్టాలే కలవలేదు. 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద గేజి అయింది. ఎవరైనా కుర్రవాడు ఇంటి పెరట్లో కొత్త ఇంజను తయారుచేస్తే ఏ గేజికి చేయాలి? వ్యాగన్లు వేలాదిగా ఏ గేజిమీద నిలబడి ఉన్నాయో దానికే కదా!

లైనస్ చేసినది అదే. యూనిక్సు మూలప్రతి అతడు చూడలేదు. కెర్నెల్ స్వయంగా వ్రాసుకున్నాడు. తీసుకున్నది గేజి మాత్రమే, అనగా ఒక ప్రోగ్రాము కెర్నెల్‌ను ఏ మాటతో ఏమడగాలి, కెర్నెల్ ఏమి ఇవ్వాలి అనే ఒప్పందం. దానికి 1988లో పోసిక్స్ అనే ప్రమాణ గ్రంథం వచ్చింది. అతడికి అది చేజిక్కక, యూనివర్సిటీలో ఉన్న సన్ కంపెనీ యంత్రాల మాన్యువల్ చూసి ఆ జాబితా తయారుచేసుకున్నాడు. 1991 ఆగస్టు 25న మినిక్సు వాడేవారికి తన పని గురించి వ్రాస్తూ, ఇది కాలక్షేపమే, పెద్దది కాబోదు అన్నాడు. సెప్టెంబరులో విడుదల చేసిన మొదటి కూర్పు పదివేల పంక్తులు మాత్రమే. కాని గ్నూవారి షెల్, కంపైలరు అప్పటికే దానిమీద నడిచాయి. సొంత గేజి వేసుకుని ఉంటే ఆ రెండూ కూడా తనే వ్రాసుకోవలసి వచ్చేది.

కోశాధికారిగారి విమర్శ టానెన్‌బామ్‌గారు 1992 జనవరిలోనే చేశారు. అయితే వారు తప్పుపట్టింది గేజిని కాదు, ఇంజను లోపలి అమరికను. ఇది 1970లలోకి వెనుకడుగు అన్నారు. ఆఫీసులో అన్ని సెక్షన్లనూ ఒకే హాలులో కూర్చోబెట్టడం లైనస్ పద్ధతి. ఎవరి గది వారికిచ్చి మెమోలతో మాట్లాడుకోమనడం ప్రొఫెసరుగారి పద్ధతి. ఒక గదికి నిప్పంటుకున్నా మిగతావి నిలుస్తాయి. ఆ మాట నిజమే. సిద్ధాంతరీత్యా అదే మేలని లైనస్ కూడా ఒప్పుకున్నాడు. కాని మెమో ఒక బల్లనుంచి ఇంకొక బల్లకు ఎంతకాలానికి చేరుతుందో మనకు వేరే చెప్పాలా? (నవ్వులు) గ్నూవారు రెండో పద్ధతిలో హర్డ్ అనే కెర్నెల్ మొదలుపెట్టారు. దానికి ఈనాటికీ 1.0 కూర్పు రాలేదు. అలాగని ప్రొఫెసరుగారు ఓడిపోయారనను. ఇంటెల్ చిప్పులలో లోలోపల పనిచేస్తున్నది మినిక్సేనని 2017లో బయటపడినప్పుడు వారే ఆశ్చర్యపోయారు.

ఇక నా సొంత సంగతి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. 1980లలో నేను పనిచేసిన చోట జీతాలు, పి.ఎఫ్. ఖాతాల కోసం కంప్యూటరు కొనాలనుకున్నారు. సంస్థ పేరూ, అమ్మిన కంపెనీ పేరూ ఇక్కడ అవసరం లేదు. రెండు కొటేషన్లలో ఒకటి యూనిక్సు యంత్రం. రెండవది ఆ కంపెనీవారి సొంత వ్యవస్థ, సరికొత్తది, చూడముచ్చటగా ఉంది. పాతదెందుకు, కొత్తదే కొనమని నోట్ పెట్టినవాణ్ణి నేనే. కొన్నేళ్ళకు ఆ కంపెనీ మూతపడింది. మా టేపులు చదవగల యంత్రం ఇంకొకటి దొరకలేదు. అచ్చుకాగితాలు ముందేసుకుని నలుగురు గుమస్తాలు ఖాతాలన్నీ మళ్ళీ టైపు చేశారు. మా నౌపడ అది.

అలా టైపు చేయడంలో ఒక మిత్రుని ఉద్యోగంలో చేరిన సంవత్సరం తప్పు పడింది. ఆయన పోయిన తరువాత గాని ఎవరూ గమనించలేదు. ఆయన భార్య కుటుంబ పింఛను కోసం పద్నాలుగు నెలలు మా కౌంటరు చుట్టూ తిరిగింది. "బాబూ, ఆయన ఎప్పుడు చేరారో నాకు తెలుసు, మా పెళ్ళయిన ఏడే" అనేది. ఆమెకు తెలుసు, మా యంత్రానికి తెలియదు. ఆ నోట్ మీద నా సంతకం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

అందుచేత కోశాధికారిగారూ, నమూనా వయసు నన్ను భయపెట్టదు. మీరు బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ముప్పై ఏళ్ళు చేశారు. పైనుంచి ఖనిజం, కోకు, క్రిందనుంచి వేడిగాలి, ఈ పద్ధతి ఎన్ని వందల ఏళ్ళ నాటిది? దానివల్ల మన ఉక్కు తక్కువైందా? నేను అడిగేది ఒక్కటే. రేపు ఈ కంప్యూటరు పోతే మన కాగితాలు వేరే దాంట్లోకి వెళ్ళగలవా? లినక్సులో మనం పెట్టిన సభ్యుల జాబితా మామూలు అక్షరాల ఫైలు. ఏ యంత్రమైనా చదువుతుంది.

ఇబ్బందులు లేవనను. ప్రింటరు రెండు రోజులు మొరాయించింది. తెలుగు మాత్రం వస్తున్నది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు విద్యార్థులను కలుపుకుని ఇదే లినక్సును తెలుగులో తీసుకువచ్చారు కూడా. ఇంకొక మాట. మొన్న నవంబరులో మనలో చాలామంది ఫోను ముందు ముఖం పెట్టి జీవన్ ప్రమాణ్ ఇచ్చాము. ఆ ఆండ్రాయిడ్ ఫోనుల లోపల ఉన్న కెర్నెల్ లినక్సే. కోశాధికారిగారి పింఛను ఆ కుర్రవాడి ఇంజనుమీద ఇప్పటికే ఒక ప్రయాణం చేసివచ్చింది. (చప్పట్లు)

గురువారం సాయంత్రం ఐదింటికి నేను కార్యాలయంలో ఉంటాను. సభ్యులు తమ పింఛను ఉత్తర్వు జిరాక్సు తెచ్చి, జాబితాలో తమ పేరు, చేరిన తేదీ, కుటుంబ పింఛనుకు అర్హుల పేరు సరిచూసుకోవలసిందిగా కోరుతున్నాను. వీలైతే భార్యాభర్తలిద్దరూ రండి. కళ్ళజోడు మరువకండి.

సెలవు.