మరిగించినా పోనిది
(వెలిగండ్ల పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి ముందు మాట్లాడినవారు చెప్పేశారు గనుక, నేను నీళ్ళ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన పెద్దలు కరువులను సంవత్సరాల పేర్లతో గుర్తుపెట్టుకున్నారు. 1832-33 నాటి గుంటూరు కరువు నందన కరువు. దానినే డొక్కల కరువనీ అన్నారు. 1876లో మొదలైనది ధాత కరువు. ధాత అంటే బ్రహ్మదేవుడు. పేరుకీ పనికీ ఎంత దూరమో చూడండి! ఆ కరువు పనుల కూలీని 1877లో రిచర్డ్ టెంపుల్ దొర రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మట్టి తట్ట మోసేవాడికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇద్దరూ సర్కారువారే, ఇద్దరూ రాసింది ఫైళ్ళలోనే. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు మోసినవాణ్ణి గనుక నాకు కార్నిష్ మీదే గౌరవం. ఆ రోజుల్లోనే ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు.

అప్పట్లో నీళ్ళు లేక చచ్చారు. బావులు, బోర్లు లోతుకు పోయాక, దొరికిన నీళ్ళే మనుషుల్ని వంచాయి. 1937లో మద్రాసు వైద్యులు షార్ట్ మొదలైనవారు నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని ప్రకటించారు. మన కనిగిరి తాలూకా అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కదా ఇటు వచ్చాం! మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. జిల్లా మారింది గానీ బావిలో నీళ్ళు మారలేదు.

ఇక మన ఇళ్ళ సంగతి. డాక్టరు చెప్పాడని చాలామంది బోరు నీళ్ళు కాచి తాగుతున్నారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములున్న నాలుగు లీటర్ల నీళ్ళు మరిగి మూడు లీటర్లయితే, లీటరుకు రెండవుతుంది. ఒకటి దాటకుంటే మంచిది, వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. గుడ్డలో వడకట్టినా, కుండలో పోసినా అంతే.

ఇంకొకటి. తాగడానికి క్యాను కొంటాం, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్ళతో వండుతాం. బియ్యం పీల్చుకున్న నీళ్ళు ఎక్కడికి పోతాయి? మన ఆడవాళ్ళు దీన్ని పొదుపు అనుకుంటున్నారు, వాళ్ళ మోకాళ్ళే ముందు పట్టేస్తున్నాయి. కీళ్ళనొప్పులన్నీ దీనివల్లే అనను, వయసు వాటా వయసుకుంది. చిన్నపిల్లల విషయంలో మాత్రం ఉపేక్ష వద్దు. పళ్ళు తయారయ్యే వయసులో ఈ నీళ్ళు తాగితే పడ్డ గార జీవితాంతం పోదు. మనవలకు పాలు, ఆకుకూరలు తప్పకుండా పెట్టండి. వాన నీళ్ళు శుభ్రంగా పట్టి దాచుకోగలిగితే వాటిలో ఈ బాధ దాదాపు లేదు.

నీళ్ళ ప్లాంటు అబ్బాయి ఒక చిన్న మీటరు ముంచి టి.డి.ఎస్. అంకె చూపిస్తాడు. అది కరిగిన లవణాల మొత్తం మాత్రమే, అందులో ఫ్లోరైడ్ ఎంతో అది చెప్పదు. విడిగా పరీక్ష చేయించాల్సిందే.

వెలిగొండకు శంకుస్థాపన 1996లో జరిగింది. నల్లమల కొండ కింద ఒక్కోటి పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు. తవ్వకం ఒకటి 2021లో, రెండోది 2024లో పూర్తయింది. శంకుస్థాపన నాడు చప్పట్లు కొట్టిన మన తోటివారు ఎందరో ఇవాళ లేరు. కృష్ణ నీళ్ళు మన మెట్టలో ఇంటింటి కుళాయికీ వచ్చేదాకా మన బోరు సంగతి మనమే చూసుకోవాలి.

కనుక వచ్చే సమావేశానికి ప్రతి వీధి నుంచీ ఒకరు లీటరు నీళ్ళు తెండి, ప్రయోగశాలకు పంపిద్దాం. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా వాడండి. మీద వీధి, బోరు గుర్తు, పట్టిన తేదీ రాయండి. తేదీ లేని సీసా నేను రిజిస్టరులో ఎక్కించను, ముందే చెబుతున్నాను.